చవక సిమ్ ఎలా ఎదుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది: యూనినార్ లెక్కలు

మీరు అడిగినవి రెండు. 2009 చివర్లో వచ్చిన యూనినార్ లాంటి చవక మొబైల్ కంపెనీ మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో (సర్కిల్ అంటే టెలికాం లైసెన్సు వర్తించే ప్రాంతం) అంత తొందరగా ఎలా పాతుకుపోయింది? కోట్లమంది చందాదారులు చేతిలో ఉండగానే వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పజెప్పి ఎందుకు వెళ్ళిపోయింది? "ధర తగ్గించి ఎదిగింది, జియో రావడంతో పోయింది" అని మీ ఎంబీఏ ప్రాజెక్టులో రాద్దామనుకుంటున్నట్టు చెప్పారు. మొదటి ముక్క సగమే నిజం. రెండో ముక్క తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేనే నిలబడదు.

ఆ రోజుల్లో నేను ఒక పోటీ కంపెనీ అమ్మకాల విభాగంలో ఉండి, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో డిస్ట్రిబ్యూటర్లనూ రీచార్జి దుకాణాలనూ చూసుకునేవాణ్ణి. కాబట్టి ఈ సమాధానంలో బోర్డు గదుల కన్నా దుకాణం బల్లే ఎక్కువగా కనిపిస్తుంది.

నేపథ్యం క్లుప్తంగా. 2008 జనవరిలో యూనిటెక్ అనే స్థిరాస్తి సంస్థకు దేశంలోని 22 సర్కిళ్లకూ లైసెన్సులు దక్కాయి. వాటికి కట్టింది సుమారు 1,650 కోట్ల రూపాయలు. ఆ ఏడాదే నార్వేకు చెందిన టెలినార్ అందులో వాటా కొనడానికి ముందుకొచ్చి, చివరకు 67.25 శాతానికి 6,100 కోట్ల పైచిలుకు పెట్టింది. ఈ ఇద్దరి కంపెనీయే యూనినార్. ఈ టెలినార్‌లో సగానికి పైగా వాటా నార్వే ప్రభుత్వానిదే. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్‌ఫోన్‌నూ, పాకిస్తాన్‌లో మరో సంస్థనూ నడిపిన అనుభవం వాళ్ళకు ఉంది. నెలకు వంద రూపాయలైనా ఖర్చు చేయని మనిషి దగ్గర కూడా లాభం తీయవచ్చని అక్కడ నేర్చుకునే వచ్చారు. ఇది ముఖ్యం. చవక సేవ అంటే మామూలు సేవకు తగ్గింపు ధర చీటీ అతికించడం కాదనీ, మొదటి నుంచీ ఖర్చే తక్కువయ్యేలా కంపెనీని కట్టుకోవాలనీ వాళ్ళకు తెలుసు. టవర్లు సొంతంగా నిలబెట్టకుండా అద్దెకు తీసుకున్నారు. ఐటీ పనంతా విప్రోకు ఇచ్చారు. మా కంపెనీలో ఒక జిల్లాకు ఉన్నంత సిబ్బందితో వాళ్ళు అంతకన్నా పెద్ద ప్రాంతాన్ని నెట్టుకొచ్చేవారు.

సేవలు 2009 డిసెంబరులో మొదలయ్యాయి, మొదటి విడతలోనే మన సర్కిల్ ఉంది. అప్పటికే ఇక్కడ ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్, టాటా, ఎయిర్‌సెల్ కిక్కిరిసి ఉన్నాయి. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, ధరల యుద్ధం అప్పటికే ముదిరిపోయింది. ఆ ఏడాది జూన్‌లో టాటా డొకోమో సెకనుకు పైసా అంటూ దక్షిణాది నుంచే మొదలుపెట్టింది. అంతవరకు పదకొండు సెకన్లు మాట్లాడినా నిమిషం డబ్బులు పోయేవి. అక్టోబరులో రిలయన్స్ నిమిషానికి 50 పైసల పథకం తెచ్చింది. ఏడాది తిరగకుండానే ఎయిర్‌టెల్, వొడాఫోన్ కూడా సెకన్ల లెక్కకు దిగక తప్పలేదు.

అంటే యూనినార్ దుకాణం తెరిచేనాటికి "మాది చవక" అనడంలో కొత్తదనం మిగల్లేదు. ధర అనేది ఈ వ్యాపారంలో అన్నిటికన్నా తేలికగా కాపీ కొట్టగలిగే వస్తువు. సోమవారం ఎదుటివాడు కొత్త పథకం పెడితే, శుక్రవారానికి మా రేట్ కట్టర్ వోచర్, అంటే కాల్ రేటు తగ్గించే రీచార్జి, దుకాణాల్లో వేలాడేది. అందుకే ధర ఒక్కటే ఎదుగుదలకు కారణమని రాయవద్దంటున్నాను. అందరూ ఒకే ధర దగ్గరకు వచ్చి నిలబడ్డాక కూడా యూనినార్ ఎందుకు పెరిగిందో మీరు వివరించాలి.

దానికి ముందు ఒక లెక్క తెలియాలి. పత్రికలు అప్పట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు కానీ, చవక కంపెనీల పుట్టుక, చావు రెండూ ఇందులోనే ఉన్నాయి. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు కాల్ వెళితే, కాల్ చేసినవాడి కంపెనీ అందుకున్నవాడి కంపెనీకి కొంత చెల్లించాలి. దాన్ని ఐయూసీ అంటారు. 2009 ఏప్రిల్ వరకు అది నిమిషానికి 30 పైసలు. అప్పుడు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 20 పైసలకు తగ్గించింది. చవక పథకాలన్నీ అదే ఏడాది పుట్టడం కాకతాళీయం కాదు. 30 పైసలు ఎదుటివాడికి ఇచ్చుకోవాల్సిన రోజుల్లో నిమిషం 30 పైసలకు అమ్మడం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన కంపెనీ స్థితి చూడండి. దాని చందాదారులు వెయ్యిమందిలో పదిమంది అనుకుందాం. వాళ్ళు చేసే కాల్స్ దాదాపు అన్నీ బయటి నెట్‌వర్క్‌లకే వెళతాయి. నిమిషం 30 పైసలకు అమ్మితే 20 పైసలు పక్క కంపెనీకి పోతాయి. మిగిలిన 10 పైసల్లోనే టవర్ అద్దె, జనరేటర్‌కు డీజిల్, దుకాణదారు కమిషన్, పన్ను అన్నీ తీరాలి. అయితే బయటి నుంచి మన చందాదారుకు వచ్చే ప్రతి నిమిషానికీ 20 పైసలు మనకు వస్తాయి. పోయేవీ వచ్చేవీ సమానంగా ఉంటే ఈ బరువు తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉంది. సమానంగా ఉండవు. ఎందుకు ఉండవో దుకాణంలో కూర్చుంటే తెలిసేది.

తెనాలి బస్టాండు పక్కన ఒక రీచార్జి దుకాణం ఉండేది. దుకాణం అంటే ఒక బల్ల, మీద గొడుగు. బల్ల మీద వరసగా ఏడెనిమిది పాత నోకియా ఫోన్లు, ఒక్కో కంపెనీ బ్యాలెన్స్‌కు ఒక్కోటి. ఏది ఎవరిదో గుర్తుండడానికి వెనక తెల్ల టేపు అంటించి పేరు రాసి, బ్యాటరీ మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉండేది. పక్కన దారంతో కట్టిన పెన్ను, నంబర్లు రాయడానికి పొడుగాటి నోటు పుస్తకం. సాయంత్రం ఆరు దాటితే తాపీ పని ముగించుకున్న మేస్త్రీలు, కూలీలు వచ్చి పది రూపాయల నోటు బల్ల మీద పెట్టేవారు. చాలామంది చేతిలో రెండు సిమ్‌ల ఫోను. నంబరు చెప్పేముందు ఒక్కటే అడిగేవారు: "ఇవాళ దేంట్లో ఎక్కువసేపు మాట్లాడుకోవచ్చు?" దుకాణదారు ఏ పేరు చెబితే దానికే ఆ పది రూపాయలు.

ఆ పది రూపాయల టాప్-అప్‌లో ప్రాసెసింగ్ రుసుము, సేవా పన్ను పోను ఏడు రూపాయల చిల్లరే మాట్లాడుకోవడానికి వచ్చేది. దుకాణదారుకు నూటికి మూడు రూపాయల అటూ ఇటూ కమిషన్. అంటే పది రూపాయల మీద ముప్పై పైసలు. ఇంత చిన్న మొత్తాల వ్యాపారంలో రోజుకు వందసార్లు ఏ ఫోను చేతిలోకి తీసుకుంటాడన్నదే కంపెనీ భవిష్యత్తు. యూనినార్ ఈ సంగతి మా అందరికన్నా ముందే గ్రహించింది. హోర్డింగుల మీద పోసే డబ్బు తగ్గించి, చిన్న దుకాణాల చుట్టూ తిరిగింది. వాళ్ళ ఎఫ్ఓఎస్ కుర్రాళ్ళు, అంటే డిస్ట్రిబ్యూటర్ తరఫున బండి మీద తిరిగి బ్యాలెన్స్ వేసేవాళ్ళు, మేము వారానికి రెండుసార్లు వెళ్ళే పల్లెలకు రోజూ వెళ్ళేవారు. దుకాణంలో బ్యాలెన్స్ అయిపోయి "లేదు" అనే పరిస్థితి రానివ్వలేదు. కంపెనీ పెద్దలు వ్యూహం అంటూ ఎన్ని మాటలు చెప్పినా, నా దృష్టిలో యూనినార్ ఎదుగుదలలో సగం ఈ కుర్రాళ్ళ పెట్రోలే.

మిగతా సగం వాళ్ళ చాకచక్యం. 2010లో డైనమిక్ ప్రైసింగ్ అని ఒకటి తెచ్చారు. ఏ టవర్ దగ్గర ఆ సమయానికి రద్దీ లేదో అక్కడ తగ్గింపు ఎక్కువ, 60 శాతం వరకూ. ఆ చోట ఆ ఘడియకు ఎంత తగ్గింపో ఫోను తెర మీదే కనిపించేది. టవర్ ఖాళీగా ఉన్నా అద్దె కట్టాలి, డీజిల్ కాలాలి. ఖాళీ నిమిషాన్ని ఎంతకు అమ్మినా వచ్చింది లాభమే అన్నది ఆ లెక్క వెనక ఆలోచన. జనానికి లెక్క అక్కర్లేదు. తెర మీద అంకె పెద్దదైనప్పుడు కాల్ చేసేవారు, చిన్నదైతే ఆగేవారు. నాకు బాగా నచ్చిన ఎత్తుగడ ఇది. అయితే రేటు ఒక్కో వీధిలో ఒక్కోలా ఉంటే "నాకు ఎంత కట్ అయింది?" అని రోజూ దుకాణదారుతో గొడవే. సామాన్యుడికి కావలసింది అతి తక్కువ ధర కాదు, ముందే తెలిసే ధర. తర్వాత వాళ్ళు కూడా సాదాసీదా ధరలకే వచ్చి, "సబ్‌సే సస్తా" (అన్నిటికన్నా చవక) అనే ఒక్క మాట పట్టుకున్నారు.

ఇక రెండు సిమ్‌ల సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీ ప్రాజెక్టుకు వెన్నెముక ఇదే కావాలి.

2008 తర్వాత మైక్రోమ్యాక్స్ లాంటి దేశీ కంపెనీల ఫోన్లు, పేరూ ఊరూ లేని చైనా ఫోన్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోనును విడిగా గుర్తించే నంబరు, లేని ఫోన్లకు 2009 నవంబరు చివరి నుంచి కాల్స్ నిలిపేస్తే, దుకాణాల్లో 199 రూపాయలకు నంబరు ఎక్కించి ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అలాంటి ఫోన్లు అంత ఎక్కువగా ఉండేవి. వాటిలో చాలావాటికి రెండు సిమ్‌లు. చందాదారు మొదటి స్లాట్‌లో పాత నంబరు ఉంచుకున్నాడు. అది చుట్టాలకు తెలిసిన నంబరు, బ్యాంకులో ఇచ్చిన నంబరు, గ్యాస్ బుక్ చేసే నంబరు, పెళ్ళి శుభలేఖ మీద అచ్చు వేయించిన నంబరు. రెండో స్లాట్‌లో చవక సిమ్. దాంతో కాల్ చేసేవాడు, వచ్చే కాల్స్ మాత్రం పాతదానికే వచ్చేవి.

ఇప్పుడు ఐయూసీ లెక్కకు తిరిగి రండి. చవక కంపెనీ నుంచి పోయేవే ఎక్కువ, వచ్చేవి తక్కువ. ప్రతి కాల్‌కూ పాత కంపెనీలకు డబ్బు కడుతూ ఉండాలి. అంటే ఎయిర్‌టెల్, ఐడియాల దగ్గర నుంచి చందాదారును లాక్కున్నట్టు కనిపిస్తూనే, అతని మాటల మీద వాళ్ళకే నిమిషానికి 20 పైసలు కట్టడం. చందాదారుల సంఖ్య పెరిగినకొద్దీ ఈ చెల్లింపూ పెరుగుతుంది. బయటివాళ్ళకు అది ఎదుగుదల. ఖాతాలు రాసేవాళ్ళకు మాత్రం ప్రతి నెలా గుండె దడ.

అందుకే రెండో స్లాట్‌లో ఎన్ని కోట్ల సిమ్‌లు ఉన్నా కంపెనీ ఎదిగినట్టు కాదని నా అభిప్రాయం. రెండో స్లాట్ నుంచి మొదటి స్లాట్‌కు మారినప్పుడే ఎదుగుదల. ఆ నంబరుకు కాల్స్ రావడం మొదలైతేనే రాబడి రెండు వైపుల నుంచీ వస్తుంది, చందాదారు పథకం మారగానే సిమ్ పారేయడు. 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతటా వచ్చింది. మొదటి స్లాట్‌కు అడ్డదారి దొరికిందని చవక కంపెనీలన్నీ సంబరపడ్డాయి. కానీ పాత నంబరు తీసుకుని వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నెలకు ఐదారు వందలు ఖర్చు చేసేవాళ్ళు. వాళ్ళకు కావలసింది ఊరు దాటాక కూడా సిగ్నల్, ఇంటి లోపలి గదిలో కూడా సిగ్నల్. యూనినార్ ఊళ్ళ మధ్య బాగుండేది, ఊరు దాటి పొలాల దారి పడితే గీతలు ఒక్కొక్కటే మాయమయ్యేవి.

ఇలా మెల్లగా పుంజుకుంటున్న సమయంలో పిడుగు పడింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2008 నాటి 122 లైసెన్సులను రద్దు చేసింది. అందులో యూనినార్‌వి 22, అంటే మొత్తం అన్నీ. అప్పటికి మూడున్నర కోట్లకు పైగా చందాదారులు. ఆ తీర్పు మంచిచెడ్డల్లోకి నేను వెళ్ళను. కానీ బల్ల దగ్గర ఏం జరిగిందో మీ ప్రాజెక్టులో ఉండాలి. మర్నాడే పోటీ కంపెనీల కుర్రాళ్ళు దుకాణాలన్నీ తిరిగి "ఆ సిమ్ మూతపడుతోంది" అని చెప్పేశారు. దుకాణదారులు యూనినార్ బ్యాలెన్స్ కొనడం తగ్గించి, ఉన్నది వెనక్కు తీసుకోమని డిస్ట్రిబ్యూటర్ల మీద పడ్డారు. బ్యాలెన్స్ లేని దుకాణంలో చందాదారు ఇంకో కంపెనీ పేరు చెబుతాడు. నమ్మకం పోవడానికి టీవీలో వార్త అక్కర్లేదు, బల్ల మీద ఒక ఫోను కనబడకపోతే చాలు.

అయినా కంపెనీ కుప్పకూలలేదు. టెలినార్ యూనిటెక్‌తో తెగతెంపులు చేసుకుని, టెలివింగ్స్ అనే కొత్త కంపెనీ పేరుతో 2012 నవంబరు వేలంలో పాల్గొంది. ఆరు సర్కిళ్లు దక్కించుకుంది: ఉత్తరప్రదేశ్ తూర్పు, పడమర, బిహార్, గుజరాత్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్. అయిన ఖర్చు 4,018 కోట్లు. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఒడిశా, బెంగాల్, ముంబయి వదిలేసింది. దక్షిణాదిలో మిగిలింది మనం ఒక్కరమే. తర్వాత 2014 వేలంలో అస్సాం చేరింది.

ఎంపికను గమనించండి. దేశమంతటా జెండా ఎగరేయాలన్న పట్టుదల వదిలేసి, జనం కిక్కిరిసి ఉండే, రేటు చూసి సిమ్ కొనే ప్రాంతాలు మాత్రమే ఉంచుకున్నారు. నా లెక్కలో యూనినార్ నిజమైన ఎదుగుదల మొదలైంది ఇక్కడి నుంచి. 2009-11 మధ్య పెరిగినవి సిమ్‌లు. 2013-15 మధ్య పెరిగింది వ్యాపారం. తక్కువ సర్కిళ్లు, ఒక్కో సర్కిల్‌లో దట్టంగా టవర్లు, 3జీ జోలికి పోకుండా మాటల మీదే గురి. ఖర్చులకు రాబడి దగ్గర పడటం కనిపించింది. దుకాణాల్లో కూడా తేడా తెలిసింది. యూనినార్ నుంచి యూనినార్‌కు మాట్లాడుకునేవాళ్ళు పెరిగారు. భార్యాభర్తలు, మేస్త్రీ, అతని కింద పనిచేసే పదిమంది, అందరూ ఒకే కంపెనీకి మారారు. లోపల్లోపల తిరిగే కాల్‌కు ఎవరికీ 20 పైసలు కట్టనక్కర్లేదు. ఇది కంపెనీ ప్రకటనల్లో రాదు కానీ, చవక నెట్‌వర్క్‌కు దీన్ని మించిన బలం లేదు.

2015 సెప్టెంబరులో పేరు టెలినార్‌గా మారింది. సరిగ్గా ఆ సమయానికే ఆట మారిపోయింది. మొదటి స్లాట్ అంటే అర్థం మారింది. అంతకుముందు ఎక్కువ కాల్స్ వచ్చేది మొదటి సిమ్, ఇప్పుడు ఇంటర్నెట్ నడిచేది మొదటి సిమ్. వాట్సాప్ ఏ నంబరు మీద ఉందో, వీడియో ఏ సిమ్ మీద ఆడుతుందో అదే ఇంటి నంబరు. మాటలకు కొద్దిపాటి స్పెక్ట్రమ్ (కాల్స్‌నూ డేటానూ మోసే రేడియో తరంగాల వాటా, మెగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు) సరిపోతుంది, వీడియోకు సరిపోదు. ఒక్కో సర్కిల్‌లో కొద్ది మెగాహెర్ట్జ్ మాత్రమే చేతిలో పెట్టుకుని, ఉన్న 2జీ చందాదారులను చూసుకుంటూ, అందులోనే కొంత మిగిల్చి 4జీ నడపాలి. వాళ్ళు అదీ ప్రయత్నించారు. వారణాసిలో మొదలుపెట్టి ఇరుకైన పట్టీలో 4జీ ఇచ్చారు. ఇంజినీర్ల పనితనానికి దండం పెట్టాలి. కానీ ఇరుకు సందులో లారీ నడిపినట్టే, ఎంత నేర్పున్నా ఒక్కటే పడుతుంది.

ఇంకా స్పెక్ట్రమ్ కొనాలి. దాని ఖరీదు చూడండి. 2008లో దేశం మొత్తానికి లైసెన్సుతో కలిపి 1,650 కోట్లు. 2012లో ఆరు సర్కిళ్లకే 4,018 కోట్లు.  నెలకు వంద రూపాయలిచ్చే చందాదారు మీద ఈ పెట్టుబడి ఎన్నేళ్ళకు తీరుతుంది? నార్వే రాజధాని ఓస్లోలో వాటాదార్లకు చెప్పుకోగల సమాధానం దొరకలేదు. 2016 మొదటి సగంలోనే టెలినార్ భారత వ్యాపారం విలువను ఖాతాల్లో కోసేసి, ఇక్కడ ఉండాలా వద్దా అనే ప్రశ్నను బహిరంగంగా ముందుపెట్టింది. జియో వాణిజ్య సేవలు మొదలైంది 2016 సెప్టెంబరు 5న. తేదీలు పక్కపక్కన పెట్టమన్నది ఇందుకే. జియో రాక తలుపు గట్టిగా మూసిందంటే ఒప్పుకుంటాను. కానీ టెలినార్ అప్పటికే గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

2017 ఫిబ్రవరిలో ఎయిర్‌టెల్‌తో ఒప్పందం ప్రకటించారు. అప్పటికి చందాదారులు 4 కోట్ల 40 లక్షలు. టెలినార్ చేతికి నగదు రాలేదు. మిగిలి ఉన్న స్పెక్ట్రమ్ వాయిదాలు, టవర్ అద్దె ఒప్పందాలు ఎయిర్‌టెల్ నెత్తిన వేసుకుంది, అంతే. బదులుగా 1800 బ్యాండ్‌లో 43.4 మెగాహెర్ట్జ్ దాని చేతికొచ్చింది. 2018 మే 14న అప్పగింత పూర్తయింది. నాలుగు కోట్లమందికి పైగా ఉన్న కంపెనీకి నగదు రూపంలో విలువ సున్నా అని రాయండి. మీ అధ్యాపకులు తప్పకుండా ఆపి అడుగుతారు, అప్పుడు రెండు స్లాట్‌ల లెక్క చెప్పండి.

మరి జియో కూడా చవకే కదా, అది ఎలా నిలబడింది అని మీరు అడగబోతారు. జియో మొదటి రోజే మొదటి స్లాట్ కోసం వచ్చింది, దానికి కావలసిన డబ్బు వెనక ఉంది. 2010 జూన్‌లో దేశమంతటికీ స్పెక్ట్రమ్ గెలిచిన ఇన్ఫోటెల్ అనే చిన్న సంస్థను రిలయన్స్ కొనుక్కుంది. సేవలు మొదలయ్యేసరికి ఆరేళ్ళు దాటాయి. ఆరేళ్ళు రూపాయి రాబడి లేకుండా కట్టుకుంటూ పోగలిగినవాడికి "చవక కంపెనీ" అనే పేరు పెట్టడం నాకు మనస్కరించదు. దాని ధర చవక, దాని కట్టుబడి అత్యంత ఖరీదైనది. అయినా ఐయూసీ బాధ జియోనూ వదల్లేదు. జియో నుంచి బయటికి పోయే కాల్సే ఎక్కువ. అప్పటికే 20 నుంచి 14 పైసలకు దిగిన రుసుము 2017 అక్టోబరులో 6 పైసలకు తగ్గినా సరిపోలేదు. 2019 అక్టోబరులో బయటి నెట్‌వర్క్ కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు చందాదారు దగ్గరే వసూలు చేయడం మొదలుపెట్టింది. 2021 జనవరి 1న ఐయూసీ సున్నా అయ్యాక గానీ ఆ తలనొప్పి తీరలేదు. ఆ సున్నా పదేళ్ళ ముందు వచ్చి ఉంటే యూనినార్ కథ వేరేగా ఉండేదా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. కొంత వేరేగా ఉండేది. స్పెక్ట్రమ్ ఖరీదు ముందు మాత్రం ఆగేదే.

రెండో స్లాట్ యుగం ముగిసింది 2018 చివర్లో. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు కనీసం 35 రూపాయల రీచార్జి ఉంటేనే సిమ్ బతుకుతుందని షరతు పెట్టాయి. అంతకుముందు బ్యాలెన్స్ లేకపోయినా నెలల తరబడి కాల్స్ వచ్చేవి. షరతు రాగానే కోట్ల సిమ్‌లు చెత్తబుట్టలోకి పోయాయి. చవకగా మొదలుపెట్టే కొత్త కంపెనీకి నిచ్చెనలో మొదటి మెట్టు ఆ రెండో స్లాటే. అది పోయాక కొత్తవాడు కాలు ఎక్కడ పెట్టాలి?

ఇప్పటి ఉదాహరణ కావాలంటే బీఎస్ఎన్ఎల్‌ను తీసుకోండి. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ రేట్లు పెంచాయి. జనం బీఎస్ఎన్ఎల్ వైపు పరిగెత్తారు. ఆ నెల జియో చందాదారులు తగ్గారు, బీఎస్ఎన్ఎల్‌కు లక్షల్లో పెరిగారు. ఏడాది చివరికి వచ్చేసరికి బీఎస్ఎన్ఎల్ మళ్ళీ తగ్గుముఖం పట్టింది. ధర చూసి వచ్చినవాళ్ళను నిలబెట్టేది 4జీ టవర్లే, ధర కాదు. 2024 డిసెంబరులో ట్రాయ్, డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే పనికొచ్చే రీచార్జిలు ప్రతి కంపెనీ ఇవ్వాలని ఆదేశించింది. రెండో సిమ్ ఉంచుకోవాలనుకునేవాళ్ళకు అది కొంత ఊపిరి.

అమెరికాలో చదువుకుంటున్న మీ స్నేహితులు వాడే మింట్ మొబైల్ లాంటివాటితో పోల్చవచ్చా అని కూడా రాశారు. పోల్చండి కానీ జాగ్రత్తగా. వాటికి టవర్లు లేవు, స్పెక్ట్రమ్ లేదు. పెద్ద కంపెనీ నుంచి నిమిషాలు, డేటా టోకున కొని చిల్లరగా అమ్ముతాయి. మింట్ టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచింది, 2024 మే నెలలో ఆ టీ-మొబైల్ చేతిలోకే పోయింది. పెద్దవాడి దగ్గర ఖాళీ మిగిలినంతవరకే ఆ పద్ధతి సాగుతుంది. యూనినార్ తీసుకున్న ప్రమాదం అది కాదు. సొంత స్పెక్ట్రమ్ కొనుక్కుని దిగింది.

పనికి వచ్చే సూచన ఒకటి. ట్రాయ్ ప్రతి నెలా సర్కిల్ వారీగా చందాదారుల లెక్కలు ప్రచురిస్తుంది. అందులో మొత్తం సిమ్‌ల సంఖ్యతో పాటు వీఎల్ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. నిజంగా నెట్‌వర్క్‌లో చురుకుగా ఉన్న సిమ్‌లు ఎన్నో అది చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు 2010 నుంచి 2018 వరకు ఈ రెండు అంకెలూ తీసుకుని, ఒకే పటంలో రెండు గీతలుగా గీయండి. రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం సర్కిల్ ఇప్పటికీ ఒక్కటే, కాబట్టి అంకెలు తెగకుండా దొరుకుతాయి. రెండు గీతల మధ్య ఎడం ఎంత ఉందో, ఏ ఏడాది తగ్గిందో చూశాక, ధర గురించి మీరు రాయబోయిన మొదటి అధ్యాయాన్ని రెండో అధ్యాయంగా మార్చుకుంటారనుకుంటున్నాను. గీసిన పటం ఇక్కడ పెడితే చూసి చెబుతాను.